కాకెంగిలి గోళీ

కొమురవ్వకు ఎంగిలంటే గిట్టదు. ఆమె ఇంట్లో చెంబు ఎత్తి నోట్లో పోసుకోవాల్సిందే తప్ప మూతి ఆనించడానికి వీల్లేదు. కొడుకు సాగర్ చిన్నప్పుడు ఒక్క జామకాయ తెచ్చి సగం పెట్టమంటే, చీర కొంగు దాని మీద కప్పి, గుడ్డ మీదుగా పంటితో కొరికి రెండు ముక్కలు చేసేది. మధ్యలో గుడ్డ అడ్డం ఉంది కాబట్టి అది ఎంగిలి కాదు, కాకెంగిలి. కాకెంగిలికి దోషం లేదని మన పిల్లలందరికీ తెలిసిన ధర్మశాస్త్రం. పిల్లలు పెద్దయ్యాక మరిచిపోతారు. కొమురవ్వ మాత్రం యాభై రెండేళ్లు వచ్చేదాకా నమ్మింది. నమ్మినందుకు ఆమెను చూసి నవ్వుకునేవాళ్లుంటే, చివరిదాకా విని అప్పుడు నవ్వండి.

ఆమె ఊరు మంథనికి ఆరు కిలోమీటర్లు. చుట్టూ వరి పొలాలు, ఊళ్లో సగం ఇళ్లకు గల్ఫ్‌లో ఒక మనిషి. కొమురవ్వ తొమ్మిదో ఏట తల్లి పక్కన కూర్చుని బీడీ చుట్టడం నేర్చుకుంది. ఒడిలో చాట, చాటలో తంబాకు, కత్తిరించిన తునికాకు, ఎర్రదారం ఉండ. మాట్లాడుతూనే చుట్టేది, ఏడుస్తూనే చుట్టేది. భర్త హనుమండ్లుకు రెండెకరాల పొలం ఉండేది. సాగర్ ఏడో తరగతిలో ఉండగా ఆయన దగ్గి దగ్గి పోయాడు. దమ్ము, అంటే ఉబ్బసం, అన్నారు అందరూ. దమ్మేనో మరొకటో, పరీక్ష చేయించిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. ఆ తర్వాత పొలం కౌలుకిచ్చి, బీడీల మీదే కొడుకును పెంచింది కొమురవ్వ.

సాగర్ ఇరవై ఒకటో ఏట దుబాయి పోయాడు. సెంట్రింగ్ పని. ఐదేళ్లు చేసి వచ్చి పెళ్లి చేసుకున్నాడు. కోడలు వినోద, కాగజ్‌నగర్ పిల్ల, మంచి మాటకారి. ఆమెకు నెల తప్పింది. సాగర్‌కు సౌదీలో కొత్త కంపెనీ వీసా వస్తుందని ఏజెంటు చెప్పాడు. మెడికల్ ఒక్కటి పాసైతే చాలు. ఆ ఇంట్లో ఆ చలికాలం అంత సంతోషం ఎప్పుడూ లేదు. రెండు దగ్గులు కూడా ఉన్నాయి గానీ వాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. కొమురవ్వది తంబాకు గాటు, సాగర్‌ది చల్లగాలి. ఇద్దరి దగ్గులకూ ఇద్దరూ అలా పేర్లు పెట్టుకున్నారు.

ఆ ఇంటికి ఒకటే అర్ర, ఒకటే కిటికీ. ఆ కిటికీ ఏడాది పొడుగునా గోనెబస్తాతో మూసే ఉండేది. గాలి తగిలితే తునికాకు ఎండి చిట్లిపోతుంది. ఎండిన ఆకు బీడీకి పనికిరాదు. ఆకు మెత్తగా, తడితడిగా ఉండాలంటే గాలి ఆడకూడదు. బీడీలు చుట్టే ఆడవాళ్లందరి ఇళ్లలోనూ ఇదే పద్ధతి. ఆకును కాపాడుకున్నంత జాగ్రత్తగా వాళ్లు ఊపిరితిత్తులను కాపాడుకోలేదు, కాపాడుకోవాలని చెప్పినవాళ్లూ లేరు.

ఆ ఊరి ఆశా కార్యకర్త బాలలక్ష్మి. ముప్పై ఏళ్ల మనిషి. వరసకు కొమురవ్వను అత్తా అంటుంది. శివరాత్రి వెళ్లిన వారానికి ఏదో సర్వే కాగితాలు పట్టుకుని వచ్చి, గడపలో నిలబడి దగ్గు విన్నది.

"అత్తా, గీ దగ్గు ఎన్ని దినాల సంది?"

"తంబాకు దగ్గు బిడ్డా. నలభై ఏండ్ల సంది ఉన్నదే."

"తంబాకు దగ్గుకు పొద్దుమీకి జ్వరమెందుకొస్తది? నీ రెక్కలు చూసుకున్నవా, పుల్లల్లెక్క అయినయి. ఇగో గీ డబ్బి. రేపు లేవంగనే, ఏం తినకముందు, తెమడ పట్టి ఇయ్యి."

కొమురవ్వ ఇచ్చింది. నాలుగో రోజు బాలలక్ష్మి ఆమెను మంథని సర్కారు దవాఖానకు తీసుకుపోయింది. అక్కడ ల్యాబులో కరుణాకర్ అనే టెక్నీషియన్ ఉన్నాడు. తల నెరిసిన మనిషి. జబ్బు పేరు చెప్తే జనం నమ్మరనీ, కళ్లారా చూస్తే నమ్ముతారనీ ఆయన అనుభవం. కొమురవ్వను మైక్రోస్కోపు ముందు స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"అవ్వా, ఒక్క కన్ను మూసి ఇండ్ల చూడు. ఏం కనవడుతుంది?"

"అంత నీలం నీలమున్నది సారు. నడుమ నడుమ ఎర్రగ ఏమో ఉన్నయి. దారం ముక్కలు. బీడీకి కట్టంగ మిగిలిన ముక్కల్లెక్క."

"గవే. టీబీ పురుగులు. నీ తెమడలయే."

కొమురవ్వ కన్ను తీయలేదు. జీవితమంతా ఆ ఎర్రదారాన్ని వేళ్లతో తెంపిన మనిషి. తన లోపల కూడా ఎవరో కూర్చుని తెంపి పోస్తున్నట్టు అనిపించింది.

"ఎవలి ఎంగిలి తిన్ననో ఏమో సారు," అంది.

"ఎంగిలితోటి రాదవ్వా." కరుణాకర్ ఈ మాట కొన్ని వందల సార్లు చెప్పి ఉంటాడు. అయినా విసుక్కోలేదు. "గీ పురుగు గాలిల ప్రయాణం జేస్తది. నువ్వు దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు కంటికి కనవడని తుంపర్లు లేస్తయి. మూసిన అర్రలైతే గంటలకొద్ది తేలుతనే ఉంటయి. ఆ గాలి పీల్చినోళ్ల ఊపిరితిత్తులల్లకు పోతయి. పీల్చిన అందరికి రోగం రాదు. శానా మందిల ఊకెనే పండుకోని ఉంటయి, ఏండ్లకేండ్లు. ఒంట్ల బలం తగ్గిన నాడు లేస్తయి. కంచం, గిలాస వేరే పెట్టుడు గాదు, కిటికీ తెరువుడు ముఖ్యం."

కొమురవ్వ తలూపింది. మెషీన్‌లో కూడా పరీక్ష చేశారు. మామూలు మందులకు లొంగే పురుగేనన్నారు. ఆరు నెలలు, రోజుకు మూడు గోళీలు, ఒక్క రోజు కూడా తప్పకుండా. ఎర్రమట్టి రంగు గోళీలు. మూత్రం నారింజ రంగులో వస్తే భయపడొద్దు, మందు ఒంట్లోకి పోతున్నట్టు లెక్క అని చెప్పి పంపారు.

ఇంటికి రాగానే ఆమె చేసిన మొదటి పని, తన కంచానికీ గ్లాసుకూ మేకుతో గీత గీసి వేరే పెట్టుకోవడం. బాలలక్ష్మి కిటికీలోని బస్తా పీకి అవతల పడేసి పోయింది. ఆమె వీధి మలుపు తిరగగానే కొమురవ్వ దాన్ని తెచ్చి మళ్లీ కుక్కింది. ఆకు ఎండిపోదూ!

ఇంట్లోవాళ్లందరూ పరీక్ష చేయించుకోవాలన్నారు. వినోదకు చేశారు, ఏమీ లేదు. ఏడో నెల రాగానే ఆమెను పుట్టింటివాళ్లు వచ్చి కాగజ్‌నగర్ తీసుకుపోయారు. సాగర్ మాత్రం బాలలక్ష్మి వచ్చిన ప్రతిసారీ బండెక్కి పరారయ్యేవాడు. "నాకేం రోగం ఒదినా, మంచిగనే ఉన్న," అని దూరం నుంచే అరిచేవాడు. అరిచాక దగ్గొచ్చేది.

అది కొమురవ్వకు తెలుసు. కొడుకు బనియన్లు ఆమే ఉతుకుతుంది, చెమట వాసన ఆమెకు తెలుసు. పొద్దుమీకి, దీపాలు పెట్టే వేళకు, వాడి నుదురు కాలుతున్న సంగతీ తెలుసు. ఒకరోజు మధ్యాహ్నం వాణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగింది.

"నీకు గూడ గదే ఉన్నది కొడుకా. దవాఖానకు పోదాం పా."

సాగర్ వాకిట్లో ఉన్న బండివైపు చూశాడు. తర్వాత ఒక్కసారిగా అన్నాడు. "పేరెక్కితే అయిపాయె అవ్వా. కంప్యూటర్ల పడుతది. కొమురెల్లన్నకు ఏమాయె? టీబీ అని రాసినంక మూడుసార్లు మెడికల్‌కు పోయిండు, మూడుసార్లు అన్‌ఫిట్ అన్నరు. ఇప్పుడు బస్టాండ్ల ఆటో నడుపుతుండు. నాకు అదొద్దు. ఒక్కసారి విమానమెక్కితే అక్కడ ఏదో ఒకటి చూపిచ్చుకుంట."

కంప్యూటర్లో పేరెక్కితే సౌదీవాళ్లకు తెలిసిపోతుందని ఆ ఊళ్లో నమ్మకం. ఊపిరితిత్తి మీది మచ్చను పట్టుకోవడానికి కంప్యూటర్ అక్కర్లేదు, ఒక్క ఎక్స్‌రే చాలు. ఆ ముక్క తల్లికీ తట్టలేదు, కొడుక్కీ తట్టలేదు. తట్టకపోవడానికి వాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు. భయపడ్డవాళ్లు, అంతే.

కొమురవ్వ లేచి గూట్లోంచి గోళీల స్ట్రిప్పు తీసింది. ఆమెకు ఆ క్షణంలో ఎంత తేలికగా అనిపించిందో! మందు ఇంట్లోనే ఉంది. రోగం ఇద్దరిదీ ఒకటే. పేరు తనది రాశారు కాబట్టి రాసే ఉండనీ, మందు మాత్రం ఇద్దరూ మింగుతారు. తల్లికి పెట్టింది బిడ్డ తినకూడదని ఏ దేవుడు చెప్పాడు?

గోళీలు మూడు. మనుషులు ఇద్దరు. ఒకటి ఆమెకు, ఒకటి వాడికి. మూడోదాన్ని అరచేతిలో పెట్టుకుని, చీర కొంగు కప్పి, పంటితో పటుక్కున కొరికింది. రెండు ముక్కలైంది. కొంచెం పెద్ద ముక్క వాడికిచ్చింది.

ఆ రోజు నుంచి రోజూ పరగడుపున ఇదే పని. ఒకటిన్నర తనకు, ఒకటిన్నర కొడుక్కి. పసుపుపచ్చ నేతచీర కొంగు చివర ఎర్రమట్టి రంగు మరకలు పడ్డాయి. ఉతికినా పూర్తిగా పోలేదు. బాలలక్ష్మి ఆదివారం ఆదివారం వచ్చి, వాకిట్లోనే నిలబడి ఖాళీ స్ట్రిప్పులు చూసుకునేది, మూత్రం రంగు అడిగేది. నారింజ రంగే. అబద్ధం కాదు. స్ట్రిప్పులూ ఖాళీయే, అదీ అబద్ధం కాదు. నిజానికి బాలలక్ష్మి రోజూ ఎదురుగా కూర్చుని మింగించాలి. కానీ ఊరంతటికీ ఆమె ఒక్కతే. గర్భిణులు, బాలింతలు, సూదులు, సర్వేలు. కొమురవ్వత్త అబద్ధమాడే మనిషి కాదని ఆమె నమ్మకం. ఆ నమ్మకంలో తప్పేమీ లేదు, అప్పటిదాకా కొమురవ్వ ఆడలేదు కూడా.

అన్నిటికంటే పెద్ద మోసం ఏమిటంటే, మందు పనిచేసింది. పదిహేను రోజుల్లో ఇద్దరి జ్వరాలూ తగ్గాయి. సాగర్‌కు ఆకలి పుట్టింది. వాడు కోడిగుడ్డు కూర కలుపుకుని రెండోసారి అన్నం పెట్టమంటే కొమురవ్వకు కళ్లనీళ్లొచ్చాయి. తను చేసింది మంచి పనేనని దేవుడే చెప్పినట్టు అనుకుంది.

లోపల జరిగింది వేరు. ఆ ఎర్రదారం ముక్కలన్నీ ఒకే తీరుగా ఉండవు. వాటిలోనూ బలహీనమైనవి ఉంటాయి, మొండివి ఉంటాయి. నిండుగా మందు పడితే రెండూ చస్తాయి. సగం పడితే బలహీనమైనవి చచ్చి, మొండివి మిగులుతాయి. అప్పుడు ఊపిరితిత్తి మొత్తం వాటికే ఖాళీ. క్షయ పురుగుకు తొందర లేదు. రోజుకొకసారి మెల్లగా చీలుతుంది. ఒకటి రెండవడానికి దానికి చీర కొంగు కూడా అక్కర్లేదు. రెండో నెల చివర కొమురవ్వ తెమడలో పురుగు ఇంకా కొంచెం కనిపించింది. కొందరికి ఆలస్యమవుతుంది, మందు ఆపొద్దు అన్నారు. మర్నాడు మళ్లీ గోళీలు మూడు, మనుషులు ఇద్దరు.

ఎండాకాలం పోయింది. జూన్‌లో వినోదకు ఆడపిల్ల పుట్టింది. నవ్యశ్రీ అని పేరు పెట్టుకున్నారు. సాగర్ కాగజ్‌నగర్ పోయి, ఒక పూట పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని వచ్చాడు. వచ్చిన వారానికి దగ్గు తిరగబెట్టింది. కొమురవ్వకూ అంతే. మళ్లీ పొద్దుమీకి జ్వరం, మళ్లీ చెమటలు. గోళీలు మింగుతూనే ఉన్నారు. గోళీలకేమైందో వాళ్లకర్థం కాలేదు.

ఐదో నెల పరీక్షకు బాలలక్ష్మి ఆమెను మళ్లీ మంథని తీసుకుపోయింది. తెమడను మళ్లీ మెషీన్‌లో పెట్టారు. రిపోర్టు చూసి కరుణాకర్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"అవ్వా, గిది మొదటి పురుగు గాదు. మొండికేసింది. పెద్ద మందుకే చస్తలేదు. నిజం చెప్పు, రోజు మూడు గోళీలు మింగినవా?"

సాగర్‌కు మెడికల్ తేదీ వచ్చి ఉంది. హైదరాబాదులో, ఇంకా పదకొండు రోజులు. కొమురవ్వ మనసులో ఆ పదకొండు తప్ప మరో అంకె లేదు.

"మింగిన సారు," అంది.

ఆ మాట విని, పక్కనే ఉన్న సూపర్‌వైజర్ బాలలక్ష్మిని నిలబెట్టి నలుగురిలో తిట్టాడు. కళ్లముందు మింగించకుండా వారానికోసారి స్ట్రిప్పులు లెక్కపెడితే ఇట్లనే అవుతుందన్నాడు, నీవల్ల ఒక మనిషి పానం మీదికొచ్చిందన్నాడు. బాలలక్ష్మి ఒక్క మాట ఎదురు చెప్పలేదు. చెప్పడానికేముంది, రోజూ చూడని మాట నిజమే కదా. ఊరికి తిరిగొచ్చే బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. సగం దూరం వచ్చాక బాలలక్ష్మి అడిగింది.

"అత్తా, నేనేమన్న తప్పు జేసిన్నా? నువ్వు మంచిగనే మింగినవు గదా. మరి ఎట్లయింది?"

కొమురవ్వ కిటికీలోంచి నాట్లు వేస్తున్న ఆడవాళ్లను చూస్తూ కూర్చుంది. జవాబు ఆమె కొంగుకే ఉంది, బాలలక్ష్మి మోకాలి మీద ఆ కొంగు చివర పడి ఉంది కూడా. అది తాంబూలం మరక అనుకుంది బాలలక్ష్మి. కొమురవ్వ బతుకులో చేసిన పాపాలన్నిటిలోకీ అదే పెద్దదని నేనంటాను. గోళీ కొరకడం తెలియక చేసింది. ఆ పదకొండు రోజుల మౌనం తెలిసే చేసింది.

కొత్త మందు కోసం ఆమెను కరీంనగర్ పెద్ద దవాఖానకు రమ్మన్నారు. ఇంట్లో పని ఉంది, పదిహేను రోజులాగి వస్తానంది. సాగర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని హైదరాబాద్ పోయాడు. ఎక్స్‌రే తీసిన మనిషి వాడి ముఖమైనా చూడకుండా కాగితం చేతిలో పెట్టాడు. అన్‌ఫిట్.

తిరిగి రైలెక్కి పెద్దపల్లిలో దిగాడు. మెట్లెక్కుతుంటే దగ్గొచ్చింది. రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. రుమాలు తడిసింది, చేయి తడిసింది, ఇస్త్రీ చొక్కా తడిసింది. అంతా రక్తమే. ఎవరో పుణ్యాత్ములు కూర్చోబెట్టి నీళ్లిచ్చారు. మంథని బస్సెక్కి, మధ్యాహ్నానికి ఇంటికి చేరి, గడపలో తల్లిని చూసి నవ్వడానికి ప్రయత్నించాడు.

"ఫేల్ అయిన్నే అవ్వా," అన్నాడు.

కొమురవ్వ వాణ్ని మంచం మీద పడుకోబెట్టి, చెప్పులు లేకుండా ఎండలో బాలలక్ష్మి ఇంటికి నడిచింది. బాలలక్ష్మి వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. కొమురవ్వ తన కొంగు చివర పట్టుకుని ఆమె ముందు చాపింది.

"నేను మింగలే బిడ్డా. ఒకటిన్నర నాకు, ఒకటిన్నర వానికి. మొదటి సంది గట్లనే. వానికి గూడ అదే రోగం. నెత్తురు కక్కుతుండు. నన్నేమన్న అను, వాన్ని జర చూడు."

బాలలక్ష్మి చేతిలో తడిబట్ట అలాగే ఉండిపోయింది. మరకను చూసింది, మళ్లీ మనిషిని చూసింది.

"నన్ను నలుగుట్ల నిలవెట్టి తిట్టిన నాడు గూడ చెప్పకపోతివి గదా అత్తా," అంది. బట్ట తీగ మీద పడేసి, అంబులెన్సుకు ఫోన్ చేస్తూనే ఆ ఇంటివైపు పరుగెత్తింది.

కరీంనగర్‌లో సాగర్ తెమడ పరీక్ష చేశారు. తల్లిలో ఉన్న మొండి పురుగే కొడుకులోనూ ఉంది. ఎడమ ఊపిరితిత్తి చాలావరకు తినేసింది. కొత్త మందులు మొదలుపెట్టారు గానీ, ఆ మందుకు టైము కావాలి. కొమురవ్వకు కూడా అదే మందు, అదే వార్డులో ఆడవాళ్ల వైపు మంచం. తెమడ డబ్బీలు, రిపోర్టులు తీసుకుని అక్కడికి వచ్చిన కరుణాకర్ ఆమె దగ్గర ఆగాడు.

"సగం సగం మింగితే ఏమన్న మేలైతదనుకున్న సారు," అంది ఆమె.

"పొలంల దోమకు మందు గొడతరు గదవ్వా. ఎకరానికి పోసేది రెండెకరాలకు సర్ది కొడితే ఏమైతది?"

కొమురవ్వకు రెండెకరాలు ఉన్నాయి. ఆమెకు తెలుసు. "చావదు సారు. మళ్ల గా మందుకు అసలే చావదు."

"గదే అయింది."

ఆమె కొంగు చివరి మరకను మడిచి లోపలికి దోపుకుంది. తర్వాత మెల్లగా అడిగింది. "నా తాన్నుంచే వానికొచ్చిందా?"

"ఎవలి తాన్నుంచి ఎవలికొచ్చిందో చెప్పరాదు. వాడు దుబాయిల పన్నెండు మంది పండే అర్రల ఉన్నడు. మీ ఆయన ఏ రోగంతోటి పోయిండో తెల్వదు. వచ్చుడు ఎవలి తప్పు గాదవ్వా."

కరుణాకర్ అక్కడితో ఆపాడు. మిగిలిన సగం వాక్యం ఆయన అనలేదు. కొమురవ్వకు వినిపించింది.

మూడు వారాలు. ఒకరోజు సాగర్ జామకాయ తినాలనుంది అన్నాడు. కొమురవ్వ ముక్కుకు మాస్కు కట్టుకుని గేటు దాకా పోయి, బుట్టలో అమ్మే ఆమె దగ్గర దోరది ఏరి తెచ్చింది. "అంత తినను, సగం చెయ్యి అవ్వా," అన్నాడు. ఆమె అలవాటు కొద్దీ కాయ మీద కొంగు కప్పింది. నోటి దాకా తెచ్చింది. పళ్లు ఆడలేదు. ఎంత ప్రయత్నించినా ఆడలేదు. కాయను అలాగే వాడి చేతిలో పెట్టింది. వాడు దాన్ని గుండెల మీద పెట్టుకుని, వాసన చూసి, పక్కన పెట్టేశాడు. తెల్లారి పొద్దున మళ్లీ నెత్తురు పడింది. డాక్టర్లు పరుగెత్తుకొచ్చేలోపే అయిపోయింది. ఇరవై ఏడేళ్లు.

ఊళ్లో దహనం జరిగింది. దినాలయ్యాక దగ్గరివాళ్లు నలుగురు వచ్చి, కొడుకు కంచం, గ్లాసు, దుప్పటి, చాప అన్నీ మూటగట్టి ఊరి బయట పారేసి వచ్చారు. రోగిష్టి ఎంగిలి ఇంట్లో ఉండకూడదట. అంత జాగ్రత్తపరులు, అదే అర్రలో తలుపు దగ్గరేసుకుని, కిటికీకి బస్తా అలాగే ఉండగా, గంటసేపు గుంపుగా కూర్చుని పరామర్శించారు. కొమురవ్వ గోడకు ఆనుకుని చూసి చూసి లేచింది. బస్తా పట్టి లాగింది. తనే గట్టిగా కుక్కిన బస్తా అది, ఒక పట్టాన రాలేదు. రెండు చేతులా పీకింది.

"కంచాలేం జేసినయి? కంచాలేం పాపం జేసినయి? కిటికీ తెరువుమన్నరు, తెరువకపోతిని," అని అరిచింది. దుఃఖంతో మతి చెడిందనుకున్నారు వచ్చినవాళ్లు. ఆ ఇంట్లో ఆ రోజు మతి ఉన్న మనిషి ఆమె ఒక్కతే.

వినోద, పిల్ల, ఇద్దరికీ పరీక్షలు చేశారు. ఇప్పటికి ఏమీ లేదు, రెండేళ్లు కనిపెట్టుకుని ఉండాలన్నారు. వినోద ఆ ఇంటికి రాలేదు. నెల తర్వాత ఒక్కసారి ఫోన్ చేసింది.

"అత్తమ్మా, నాకు ఒక్క మాట చెప్పకపోతిరి. చెప్తే నేనే గుంజుకపోదును దవాఖానకు. సౌదీ లేకున్న బతుకకపోదుమా? మీరు తల్లీ కొడుకులు సగం సగం పంచుకున్నరు. నేనెవరిని మరి? గీ పిల్ల ఎవరు?"

"పిల్లను నా దగ్గరికి తేకు బిడ్డా. డాక్టర్ సార్లు ఇగ భయం లేదనేదాక తేకు," అని మాత్రం అంది కొమురవ్వ. అవతల వినోద ఏడుస్తూ ఫోన్ పెట్టేసింది.

బీడీలు మానేసింది కొమురవ్వ. తెరిచిన కిటికీలోంచి గాలి వస్తుంటే ఆకు ఎలాగూ నిలవదు. కౌలు వడ్లతో ఆమె ఒక్క కడుపు నిండుతుంది. చాట గోడకు వేలాడుతోంది. ఎర్రదారం ఉండను ఎవరికో ఇచ్చేసింది, దాన్ని చూడలేక.

బాలలక్ష్మి ఇప్పుడు ప్రతి ఉదయం ఎనిమిదింటికి వస్తుంది. ఎన్ని పనులున్నా సరే, పీట వేసుకుని ఎదురుగా కూర్చుంటుంది. ఇద్దరి మధ్యా మునుపటి మాటల్లేవు. కోపం పోలేదు, రావడమూ మానలేదు. కొత్త మందు గోళీలు చాలా ఉన్నాయి, అన్నీ కొమురవ్వవే. వాటిలో ఒకటి మరీ పెద్దది, రోజూ గొంతుకు అడ్డం పడుతుంది.

"అత్తా, డాక్టరమ్మను అడిగిన. దాన్ని రెండు ముక్కలు జేసి మింగినా ఏంగాదన్నది," అంది బాలలక్ష్మి ఒకరోజు.

కొమురవ్వ అరచేతిలో గోళీని చూసింది. రెండో చేయి దానంతటదే కొంగు చివర వెతుక్కుంది. మరక ఇంకా ఉంది. చేయి వెనక్కి తీసుకుంది. గోళీని నిండుగా నోట్లో వేసుకుని, చెంబెత్తి నీళ్లు పోసుకుంది. అది గొంతులో ఇరుక్కుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ నీళ్లు పోసుకుంది, ఈసారి దిగింది. తర్వాత బాలలక్ష్మి అడగకముందే, చిన్నపిల్లలా నోరు పెద్దగా తెరిచి, నాలుక ఎత్తి చూపించింది.